చివరి అధ్యాయం లేని ప్రతి

తొంభై నాలుగు, అంటూ అక్క తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నూటికి తొంభై నాలుగు వంతులు చదివేశాను, మిగిలిన ఆరూ అయ్యేసరికి మూడవుతుంది, అంతవరకూ నా జోలికి రాకు అని దానర్థం. గోడ గడియారంలో రెండు దాటి మూడు నిమిషాలు. నేను భోజనాల బల్ల దగ్గర ఈ చెక్క కుర్చీలోనే కూర్చున్నాను. ఇంట్లో ఇంతకన్నా మెత్తటి కుర్చీలు లేక కాదు, ఈ కుర్చీకీ అక్క మంచానికీ మధ్య ఒక్క గోడే అడ్డం కాబట్టి. ఇరవై ఏడేళ్ళుగా నా నవల అక్క చదువుతున్నంతసేపూ నేను కూర్చునే చోటు ఇదే. అప్పుడైతే వినపడేది. టైపు కాగితం ఒక్కొక్కటీ తిప్పి మంచం మీద బోర్లించిన చప్పుడు, వేలు తడి చేసుకోవడానికి ఆగిన చప్పుడు కూడా వినపడేది. కాగితాలు వరసగా ముందుకి పోతుంటే నాకు హాయిగా ఉండేది. ఉన్నట్టుండి పది కాగితాలు ఒక్కసారిగా వెనక్కి తిరగేసిన చప్పుడయిందా, నా ప్రాణం పోయేది, ఏదో పట్టేసింది, అది సరిచూసుకోవడానికి వెనక్కి వెళ్ళింది అని. ఇప్పుడు గోడ అవతల ఏమీ లేదు. అక్క ఇప్పుడు చదివేది ఈబుక్కులు చదివే యంత్రంలో, పలకంత ఉంటుంది, దానికి నోరు లేదు. వేలితో ఇటు తోసినా అటు తోసినా ఒకటే నిశ్శబ్దం. అక్క ముందుకి పోతోందో వెనక్కి పోతోందో నాకు తెలిసే దారే లేదు.

సాయంత్రంలోగా పెద్దాయన కోడలికి ఫోన్ చేసి ఏదో ఒకటి చెప్పాలి. పెద్దాయన అంటే నా పంతొమ్మిది నవలలూ అచ్చు వేసిన ప్రచురణకర్త, ఆయన కోడలు ఇప్పుడు ఆ సంస్థ నడుపుతోంది, అచ్చు ఆపేసింది, ఇంక అన్నీ ఈబుక్కులే. పాతవన్నీ ఎక్కిస్తున్నాం మేడమ్, వాటితోపాటు కొత్తది ఒకటి ఉంటే బాగుంటుంది, ఉందా లేదా మీరు చెప్పండి, ఈ రోజు జాబితా మూసేస్తాం అంది. ఉంది, గోడవతల అక్క చేతిలో ఉంది. అక్క ఇవాళ హంతకుడెవరో కనిపెట్టేసిందంటే మాత్రం లేదని చెప్తాను. ఈ ఒక్కటే లేదని కాదు, ఇంక నా దగ్గర నవలలే లేవని, మానేశానని చెప్తాను. ఇది ఎవరికీ చెప్పలేదు, అక్కకి అసలే చెప్పలేదు. వరసగా మూడుసార్లు దొరికిపోయాక నాలుగోసారి కూడా దొరికిపోయే మనిషికి అపరాధ పరిశోధన నవలలెందుకు, హాయిగా కుట్లు అల్లికలు నేర్చుకోవచ్చు. సూదిలో దారం ఎక్కించడం నాకు చేతకాదు, అది వేరే సంగతి.

మొదటి నవల నాకింకా నిన్న రాసినట్టే ఉంది. అక్క అప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు, పగలంతా చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుని వచ్చేది, వచ్చాక కూతుర్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఒక చేత్తో జోకొడుతూ ఇంకో చేత్తో నా కాగితాలు చదివింది. ముప్పావు వంతు అయ్యాక తలెత్తకుండానే, వంటాయనేగా అంది. నేను స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని ఏడ్చాను. తలుపవతల నిలబడి అక్క ఓదార్చలేదు సరికదా, నాకే దొరికిపోయినవాడు ఊరందరికీ దొరికిపోతాడు, వెళ్ళి మార్చు అంది. మార్చాను. అప్పట్నుంచీ ఇది మా ఇద్దరి మధ్యా చట్టం. చివరి అధ్యాయం లేని ప్రతి ముందు అక్కకివ్వాలి. చదివాక అక్క హంతకుడి పేరు చీటీ మీద రాసి, కవరులో పెట్టి, అంటించి, పంచదార డబ్బా కింద పెడుతుంది. నేను చించి చూసుకోవాలి. తప్పయితే చివరి అధ్యాయం అక్క చేతికిస్తాను, ఒప్పయితే చివరి అధ్యాయం చింపేసి మళ్ళీ రాస్తాను. పంతొమ్మిదింటిలో ఆరుసార్లు చింపాను. పాఠకులకి తెలిసినవి పంతొమ్మిది మంది హంతకులు, ఆ ఆరుగురూ అక్కకీ నాకూ మాత్రమే తెలుసు. ఒక్కోసారి అన్నం తింటూ వాళ్ళని తలుచుకుంటాం, ఆ పోస్టుమాస్టరు పాపం ఎక్కడున్నాడో అంటుంది అక్క.

పెద్దాయన చట్టం ఇంకొకటి. మర్మం పుస్తకం చదివేవాడికి కుడిచేతిలో ఎన్ని పేజీలు మిగిలాయో బొటనవేలు చెప్పేస్తుందమ్మా అనేవాడు, పది పేజీలే మిగిలాయంటే ఇప్పుడు పట్టుబడ్డవాడే అసలువాడని తెలిసిపోతుంది. అందుకని నవల అయిపోయిన తరవాత నలభై పేజీలు ఇంకేదో కలిపి కుట్టించేవాడు, ఇంకో నవల మొదటి రెండు అధ్యాయాలో, పాత పుస్తకాల ప్రకటనలో. బొటనవేలికి అబద్ధం చెప్పడం అనేవాడు దాన్ని. ఎంత ముద్దుగా ఉండేదో ఆ మాట. ఈబుక్కు అనగానే నేను ఒంటికాలి మీద లేచింది అందుకే. కింద అంకె చూపిస్తుందట, ఇంత శాతం అయింది అని, దాని మొహం. హంతకుడి పేరు కొట్టి వెతికితే పుస్తకమంతటా వాడు ఎక్కడెక్కడున్నాడో వరసగా చూపిస్తుందట. ఇంక మా పప్పులు ఎక్కడ ఉడుకుతాయి? పెద్దాయన కోడలు అంతా విని నవ్వింది. మామయ్య నలభై పేజీలూ ఈబుక్కు వెనక కూడా కలుపుతున్నాం మేడమ్, శాతం కూడా అబద్ధమే చెప్తుంది అంది. ఆ పిల్ల మీద నాకు గౌరవం కలిగిన రోజు అది.

రెండూ ఇరవై. గోడవతల ఏదో కదిలింది. మంచం కాదు, కుర్చీ. కుర్చీలోకి మారిందంటే కిటికీ వెలుతురు కావాల్సి వచ్చిందన్నమాట, లేదా నడుం నొప్పి. వెలుతురు ఎందుకు కావాల్సి వచ్చింది? దాంట్లోనే దీపం ఉంటుందే. అయితే నడుమే. నడుమే అయ్యుంటుంది. నా చేతులు చూడండి, బల్ల మీద గుడ్డ అంచు పీకుతున్నాయి, ఈ గుడ్డకి ఈ మూల ఉండాల్సిన కుచ్చులన్నీ నవలకింత చొప్పున నేనే పీకేశాను.

అక్క కళ్ళు చెడింది నాలుగేళ్ళ క్రితం. పోయాయని అనకూడదు, అంటే కొడుతుంది. అంచులు కనిపిస్తాయి, నట్టనడుమ మచ్చ. ఎవరి మొహమైనా చూడాలంటే వాళ్ళ చెవి వైపు చూస్తుంది, అప్పుడు మొహం పక్కనుంచి కనిపిస్తుందట. కంటి డాక్టరు ఇంక పెరక్కుండా చూస్తామన్నాడు, తగ్గుతుందని మాత్రం అనలేదు. టైపు కాగితాలు భూతద్దంతో ఒక వారం చదివింది, తల నొప్పి పెట్టి వాంతి చేసుకుంది, భూతద్దం సొరుగులో పడేసింది. అప్పుడు నేనే అన్నాను, నేను చదివి వినిపిస్తాను, దానికేం భాగ్యం అని. ఇరవయ్యో నవల అలా మొదలైంది. సాయంత్రం నాలుగింటికి అక్క వాలు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకునేది, నేను చదివేదాన్ని. ఆ సాయంత్రాలు ఎంత బాగుండేవో చెప్పలేను. కానీ అయిదో అధ్యాయంలోనే అక్క కళ్ళు తెరవకుండా, లిఫ్టు నడిపేవాడు అంది. చీటీ కూడా అక్కర్లేకపోయింది. సరే, చివరి అధ్యాయం మార్చాను, మార్చి మళ్ళీ చదివాను, ఈసారి వాడి మేనమామ అంది, అంతే పొల్లు పోకుండా. పక్కన పడేసి ఇరవయ్యొకటోది రాశాను, నాలుగో అధ్యాయంలో దొరికింది. ఇరవై రెండోది రెండో అధ్యాయంలో, హంతకురాలు గుమ్మంలో నిలబడి వాన గురించి ఒక్క ముక్క మాట్లాడిందో లేదో, ఈవిడే అంది అక్క. మంచినీళ్ళు తాగి వస్తానని లేచాను. మూడూ ఒక అట్టపెట్టెలో పెట్టి, తాడు కట్టి, అలమారా మీద పెట్టేశాను. అవెప్పుడు వస్తాయే అని అక్క అడిగినప్పుడల్లా, పెద్దాయన ప్రెస్సు ఆగిపోయిందిగా, చూద్దాం అంటూ వచ్చాను. అబద్ధం కాదు, ప్రెస్సు నిజంగానే ఆగిపోయింది. ఆగిపోయింది నేను కూడా అని చెప్పలేదంతే. ఒకప్పుడు ఆరు వందల పేజీల అవతలికి కూడా హంతకుణ్ణి దాచగలిగిన దాన్ని, ఇప్పుడు వాన గురించి ఒక్క ముక్కలో దొరికిపోతున్నానంటే, చెయ్యి పోయిందన్నమాట. వంట చేసేవాళ్ళకి రుచి పోయినట్టు. పోయినవాళ్ళకే అది తెలియదు, తినేవాళ్ళకి తెలుస్తుంది.

ఈ పలక తెచ్చింది అక్క కూతురు. రెండు వీధుల అవతల ఉంటుంది, వారానికోసారి వచ్చి మా ఇద్దర్నీ సరిచేసి పోతుంది. అమ్మా, అక్షరం ఎంత కావాలంటే అంత పెద్దది అవుతుంది చూడు అని వేళ్ళతో సాగదీసి చూపించింది, సాగదీసి సాగదీసి చివరికి తెర మీద తొమ్మిది మాటలే పట్టేంత చేసింది. అక్క తల పక్కకి తిప్పి, కిటికీ వైపు చూస్తున్నట్టుగా చూసి, ఆ తొమ్మిదీ చదివింది. గట్టిగా చదివింది. మళ్ళీ చదివింది. ఆ తరవాత లోపలికి పోయి దుప్పటి మడతపెట్టింది, మడతపెట్టిన దుప్పటే మళ్ళీ విప్పి మడతపెట్టింది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. పిన్నీ, నీ కొత్త నవల ఇందులో ఎక్కించనా అని అడిగింది పిల్ల. కొత్తది అప్పటికి ఎనిమిది నెలలుగా దొంగతనంగా రాస్తున్నాను, అక్కకి చదివి వినిపించలేదు, వినిపించే ధైర్యం లేదు. ఎక్కించు, చివరి అధ్యాయం తీసేసి అన్నాను. నోరు జారినట్టే అన్నాను.

పదకొండు రోజులైంది. పొద్దున్నే అంకెలతో లేస్తుంది మా ఇల్లు. పన్నెండు. ముప్పై ఒకటి. యాభై ఎనిమిది. తెరకి తొమ్మిది మాటలే కావడంతో ప్రతి తెరా ఉత్కంఠేనని అక్క ఫిర్యాదు. అతను మెల్లగా వెనక్కి తిరిగాడు అప్పుడు చూస్తే అతని కుడి చేతిలో అని ఉంటుంది, వేలు తోస్తే టీ కప్పు అని ఉంటుంది, ఈ టీ కప్పు కోసం నా గుండె ఆగిపోవాలా అంటుంది. నాకు నవ్వాగలేదు. కానీ ఈ పదకొండు రోజుల్లో ఒక్కసారి కూడా ఫలానావాడే అనలేదు. అది మంచికో చెడ్డకో తెలియదు. రెండో అధ్యాయంలోనే తెలిసిపోయి, నా మొహం చూడలేక ఊరుకుందేమో. ఈ నవలలో పళ్ళ డాక్టరమ్మ తన ఆసుపత్రిలో, తన రోగులు కూర్చునే కుర్చీలోనే చచ్చిపడి ఉంటుంది. ఆవిడతో పనిచేసే రెండో డాక్టరున్నాడు, పళ్ళ సెట్లు కట్టేవాడున్నాడు, రోజూ వచ్చి ఏ పన్నూ నొప్పి లేదనే రోగి ఒకడున్నాడు, ముందు కౌంటర్లో పుస్తకం పెట్టుకుని రోగులకి వేళలు రాసిచ్చే డాక్టరమ్మ చెల్లెలుంది. చంపింది చెల్లెలు. పదకొండున్నరకి అని ఆమె రాసుకున్న పేరుతో అసలు రోగే లేడు. ఆ పేరుని ఇరవై పేర్ల మధ్య పెట్టాను, ఒకే ఒక్కసారి. ఇదంతా దాగినట్టా, దాగనట్టా? నాకు తెలియదు. ఒట్టు, నాకు తెలియదు. రాసినవాళ్ళకి ఎప్పుడూ అంతా తాటికాయంత అక్షరాలతోనే కనిపిస్తుంది.

మానేస్తే ఏం చేస్తాను. పొద్దున్నే లేచి ఏం చేస్తాను అనేదే నాకు భయం. బస్సులో ఎదురుగా కూర్చున్నవాళ్ళని చూసి, వీళ్ళలో ఎవరు ఎవర్ని చంపుతారు అనుకోకుండా ప్రయాణం చేయడం ఎలాగో నాకు రాదు. మామూలు మనుషులు బస్సులో ఏం చేస్తారు? కిటికీలోంచి చూస్తారు కాబోలు.

రెండూ యాభైకి తలుపు తెరుచుకుంది. పది నిమిషాలు ముందే. అక్క గోడ పట్టుకుని వచ్చింది, చేతిలో కవరు, నా వైపు కాక నా చెవి వైపు చూస్తూ వచ్చింది, పంచదార డబ్బా తడిమి దాని కింద కవరు పెట్టింది. చట్టం చట్టమే. పెట్టి, ఎదురు కుర్చీలో కూర్చుని, చించు అంది. అంటించిన జిగురు ఇంకా తడిగానే ఉంది. లోపల చీటీ మీద లావాటి కలంతో, పాకుతున్న చీమలా వంకరగా పోయిన వరసలో, సెట్లు కట్టేవాడు అని ఉంది.

నేను రెండుసార్లు చదువుకున్నాను. ఏమే, తప్పా ఒప్పా అంది అక్క. తప్పు అన్నాను. ఒళ్ళంతా వదులైపోయింది, జ్వరం దిగినప్పుడు చెమట పడుతుంది చూడండి, అలా. తప్పింది. అక్క తప్పింది. నేనింకా దాచగలను. ఇంతసేపూ ఊపిరి బిగబట్టుకునే ఉన్నానని అప్పుడు తెలిసింది, ఇంతసేపూ అంటే ఈ గంటసేపూ కాదు, నాలుగేళ్ళూ. అయితే ఈ సంతోషం ఒక నిమిషం కూడా నిలవలేదు, నా వృత్తే అటువంటిది. ఎవరైనా మంచి మాట చెప్పగానే ఎందుకు చెప్పారు అని వెతికే బుర్ర ఇది. రెండో అధ్యాయంలో కనిపెట్టే మనిషి పుస్తకమంతా చదివి ఎలా తప్పింది? అలమారా మీద పెట్టె సంగతి పసిగట్టిందేమో. నేను మానేద్దామనుకుంటున్నది నా నడకలో కనిపెట్టిందేమో. చెల్లెలి మీద జాలిపడి, కావాలని తప్పుడు చీటీ రాసిందేమో. జాలి అయితే అది ఓటమికన్నా హీనం.

పలక ఒకసారి ఇటివ్వు, చివరి అధ్యాయం ఎక్కిస్తాను అన్నాను. ఇచ్చింది. ఆ యంత్రంలో వేలు ఎక్కువసేపు పెడితే అక్కడ పసుపు గీత పడుతుంది, అక్కకి తెలియనిదేమిటంటే పడినది పడినట్టే ఉంటుంది. కూతురు గీతలు పెట్టడం నేర్పింది కానీ తుడిచెయ్యడం నేర్పలేదు. అన్నీ ఒకేచోట వరసగా చూపిస్తుంది, నేను ఇన్నాళ్ళూ తిట్టిపోసిన ఆ వెతుకులాట ఏర్పాటే. చూశాను. నలభై మూడు గీతలు. సెట్లు కట్టేవాడి చేతులు. వాడు మధ్యాహ్నం భోజనానికి వెళ్ళిన వేళ. వాడి గదిలో కడగని గిన్నె. ముప్పై ఒకటో శాతం దగ్గర తప్పుల తడకగా అక్క కొట్టిన రెండు మాటలు, వీడేనా ఏమిటి. అరవై దగ్గర, వీడే. ఎనభై ఎనిమిది దగ్గర, వీడే వీడే, నాకు తెలుసు. కౌంటర్లో కూర్చున్న చెల్లెలి మీద ఒక్క గీత లేదు. పదకొండున్నర పేరు మీదుగా వేలు ఆగకుండా పోయింది. ఇన్ని రోజులు ముందునుంచీ ఇంత పకడ్బందీగా ఎవరూ జాలిపడరు. కళ్ళు చీరచెంగుతో తుడుచుకున్నాను.

ఎక్కించడానికి ఇంతసేపా, ఏం వెతుకుతున్నావే అంది అక్క. ఏం లేదన్నాను. ఏం లేదన్నప్పుడు నీ గొంతు అలా ఉండదు అంది. అన్నాక కాసేపు బల్ల మీద గుడ్డ సవరించింది, కుచ్చులు లేని మూల తడుముతూ.

"నేను కావాలని ఓడిపోయాననుకుంటున్నావు కదూ?"

పలక బల్ల మీద పెట్టేశాను.

"నేనూ అలాగే అనుకున్నానే, నీ మీద. ఆ మూడు పుస్తకాలూ నువ్వు చదివి వినిపించినప్పుడు. కళ్ళు చెడినదాన్ని కదా అని నన్ను గెలిపిస్తున్నావనుకున్నాను."

"నేనా? గెలిపించడమా?"

"మరి? హంతకుడు వచ్చినప్పుడల్లా నీ గొంతు మెత్తబడిపోయేది. మిగతావాళ్ళందర్నీ గడగడా చదివేసి, వాడొక్కడి దగ్గరా పసిపిల్లని ఎత్తుకున్నట్టు చదివేదానివి. ముప్పై రెండేళ్ళు ఎక్స్ఛేంజిలో గొంతులు విన్నదాన్ని, నాకు తెలియదా? కథేమీ తెలియనక్కర్లేదు. హలో అంటే చాలు."

జాలిపడుతున్నావని కోపం వచ్చింది, అందుకే చెప్పలేదు, చెబితే చదవడం మానేస్తావేమో అని కూడా చెప్పలేదు అంది. అదంతా అక్క మామూలుగానే అంది, పాలవాడి సంగతి చెప్పినట్టు. నవలల్లో తప్పు లేదు. మూడింటిలోనూ లేదు. నా గొంతే చాడీలు చెప్పింది. తెల్లారి లేచి హంతకుడితో నెలల తరబడి కాపురం చేసేదాన్ని నేను, వాడి కష్టం నాకు తెలుసు, ఎక్కడో ప్రేమ ఉంటుంది, అది కాగితం మీద కనపడకుండా ఇరవై ఏడేళ్ళు జాగ్రత్తపడ్డాను. నోట్లో జాగ్రత్తపడాలని ఎవరు చెప్పారు? అనుమానితులందర్నీ మూడు వందల పేజీలు ప్రశ్నించే దాన్ని, ఎదుటి కుర్చీలో ఉన్న అక్కని, ఎలా కనిపెట్టావే అని ఒక్క ముక్క అడగలేదు. సిగ్గేసి అడగలేదు. ఆవిడ కోపంతో చెప్పలేదు. ఇద్దరం మంచినీళ్ళు తాగుతూ కూర్చున్నాం నాలుగేళ్ళు. నవ్వొచ్చింది నాకు, ముందు చిన్నగా, తరవాత బల్ల పట్టుకుని నవ్వాను. అక్క కూడా నవ్వింది, ఎందుకో తెలియకుండానే, తెలిశాక ఇంకాస్త నవ్వింది. అట్టపెట్టె సంగతి కూడా చెప్పేశాను. చచ్చుదానా అంది. లిఫ్టువాణ్ణి తాడు కట్టి అలమారా ఎక్కించావా, పాపం అంది.

చివరి అధ్యాయం ఎక్కించి పలక చేతిలో పెట్టాను. తీసుకుని లేచింది, గుమ్మం దగ్గర ఆగింది. ఇంక నీవి నేనే చదువుకుంటాను అంది, కానీ సాయంత్రం పూట చదవడం మానకు, వేరేవాళ్ళవి చదువు, వాళ్ళ హంతకులు నీకూ తెలియరు, అప్పుడు ఇద్దరం సమానం. తలుపు వేసుకుంది. నేను మళ్ళీ గోడ పక్కనే కూర్చున్నాను. ఏమీ వినపడలేదు. వినపడకపోవడం ఇందాకటి లాంటిది కాదు, ఇందులో కూర్చుని టీ పెట్టుకుందామా అని కూడా ఆలోచించవచ్చు. తొమ్మిదేసి మాటలు, తొమ్మిదేసి మాటలు. ఎక్కడిదాకా వచ్చి ఉంటుంది? పదకొండున్నర పేరు దాకా వచ్చి ఉంటుంది. వేళల పుస్తకం తెరిచి ఉంటారు.

గోడవతల నుంచి అక్క గొంతు, అంత గట్టిగా కూడా కాదు.

"చెల్లెలు చేస్తుందని ఎలా అనుకుంటానే."

అందుకే అక్కడ దాచాను అక్కా అని గోడతో అన్నాను, వినపడిందో లేదో. స్టూలు లాక్కుని అలమారా మీద పెట్టె దింపాను. తాడు ముడి గట్టిపడిపోయింది, కత్తిపీట అవసరమైంది. మూడూ అలాగే ఉన్నాయి, పై కాగితం మీద కాస్త దుమ్ము, అంతే. దులిపి బల్ల మీద వరసగా పెట్టి, పెద్దాయన కోడలికి ఫోన్ చేశాను. అటునుంచి కంప్యూటరు మీటలు నొక్కుతున్న చప్పుడు వినపడుతోంది. చెప్పండి మేడమ్, కొత్త నవల ఉందా అంది.

నాలుగున్నాయి అన్నాను.